పెద్దకర్మ కార్డులో పట్టని చేతిపని

మా ఉత్తరాంధ్ర ఊళ్ళల్లో ఒక ముసలావిడ కన్నుమూస్తే మూడో రోజుకే ప్రింటింగ్ ప్రెస్సుకి మేటరు వెళ్ళిపోతుంది. ఆ మేటరు ఎవరూ కొత్తగా రాయరు. కిందటి నెల పక్కింటివాళ్ళు పంచిన కార్డు తీసి, పేర్లు కొట్టేసి, కొత్త పేర్లు రాసి ఇస్తారు. ఫలానా వారి ధర్మపత్ని, ఫలానా వారి మాతృమూర్తి, స్వర్గస్థులైనందున ఫలానా తేదీన పెద్దకర్మ. కింద కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు. కార్డు చదివితే పెద్దకొడుకు బ్యాంకులో పనిచేస్తాడని తెలుస్తుంది. ఆమె ఏం పని చేసేదో మాత్రం తెలియదు.

దీనికి ఎదురుగా విజయనగరం గ్రామదేవత పైడితల్లమ్మను చూడండి. ఆమె పూసపాటి విజయరామరాజు చెల్లెలని, 1757లో బొబ్బిలి యుద్ధం జరిగి అన్న పోయాడన్న కబురు విని పెద్దచెరువులో ప్రాణం విడిచిందని విజయనగరంలో పిల్లలు కూడా చెబుతారు. దసరా వెళ్ళిన మంగళవారం ఆమె జాతరలో సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, కదులుతుంటే మూడులాంతర్ల కూడలి దగ్గర ఇసుక వేస్తే రాలదు. ఒక ఆడమనిషి పేరు మీద రెండున్నర శతాబ్దాలు దాటి అంత జనం కదలడం చిన్న సంగతేమీ కాదు. కానీ ఆ కథలో కూడా మనకు మిగిలినవి అన్నగారి పేరు, యుద్ధం పేరు, చెరువు పేరు. పోయిన ఆడమనిషికి మా దగ్గర గుడి దక్కాలి, లేదా కార్డులో 'ధర్మపత్ని' అన్న మాట దక్కాలి. ఈ రెండింటి మధ్యలో ఉన్న డెబ్భై, ఎనభై ఏళ్ళ పనికి చోటు లేదు.

నా వాదన ఇది. ఆమె మంచితనం గురించి రాసే ముందు ఆమె పని గురించి రాయాలి. అదీ కొలతలతో, పనిముట్ల పేర్లతో, ఎక్కడ చెడుతుందో దాంతో సహా రాయాలి. 'సహనశీలి', 'అన్నపూర్ణ', 'మాతృమూర్తి' అన్న మాటలు ఏ కార్డులోనైనా అతుకుతాయి. అందుకే అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

సన్నఖాదీకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా పొందూరునే తీసుకుందాం. గాంధీగారు తన కొడుకు దేవదాసుని ఇక్కడికి పంపి ఈ సన్నఖాదీ సంగతి చూసి రమ్మన్నారన్న మాట ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఆ దేవదాసు చూసిన నూలు వడికిన ఆవిడ పేరు అడగండి. అక్కడ మాట ఆగిపోతుంది. పొందూరు నేతకు పేరు తెచ్చింది మగ్గానికి ముందు జరిగే పని. అది దాదాపు అంతా ఆడవాళ్ళ చేతుల మీదే జరుగుతుంది. ఆ పనేమిటో ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే అలాంటి ఇంట్లో ఒకరు పోయినప్పుడు వెనక ఎంత పోతుందో ఈ వివరంలోనే ఉంది.

ముందు చేప దవడ కావాలి. ఖాదీ అనగానే శాకాహారం గుర్తొచ్చేవాళ్ళకు ఈ మాట కాస్త గొంతులో పడుతుంది గానీ, వాలుగ చేప దవడ లేకుండా పొందూరు నూలు లేదు. దాని పళ్ళు సూదుల్లా సన్నగా, ఒత్తుగా ఉంటాయి. కొండపత్తి అయినా పునాసపత్తి అయినా, గింజ తీయకముందే, గింజతో ఉన్న పింజను ఎడమచేతి వేళ్ళతో గింజ దగ్గర పట్టుకుని, దవడతో బయటివైపుకి దువ్వుతారు. రెండు పనులు ఒకేసారి అవుతాయి. ఆకు నలుసులు, పొట్టి పోగులు పళ్ళకు చిక్కి వచ్చేస్తాయి. మిగిలిన పోగులన్నీ ఒకేవైపు తలదువ్వుకున్నట్టు వరసన పడతాయి. గట్టిగా నొక్కితే మంచి పోగు కూడా గింజ నుంచి ఊడి వస్తుంది. పత్తి చెమ్మగా ఉంటే పోగులు విడకుండా ముద్దకడతాయి. దవడలో ఒక పన్ను విరిగి మొనలా మిగిలితే అది పోగును దువ్వకుండా లాగి మెలిపెడుతుంది, చిన్న చిన్న ఉండలు తయారవుతాయి. ఆ ఉండ ఇప్పుడు కనిపించదు. నూలు తీస్తుండగా కదురు (రాట్నంలో నూలు చుట్టుకునే ఇనప పుల్ల) దగ్గర పుటుక్కున తెగినప్పుడు తెలుస్తుంది.

తర్వాత గింజ తీయడం. నున్నటి చెక్కపీట మీద పింజ పెట్టి సన్నటి ఇనప కడ్డీని అరచేతితో దొర్లిస్తారు. దూది ముందుకు వస్తుంది, గింజ వెనక్కి జారుతుంది. దొర్లించాలే గానీ రుద్దకూడదు. గింజ చితికిందా, నూనె మరక ఒకటి, గింజ పొట్టు ముక్క ఒకటి దూదిలోకి చేరతాయి. మరక ఉతికితే పోవచ్చు. పొట్టు ముక్క మాత్రం నూలులో కూర్చుని ఆ చోటును బలహీనం చేస్తుంది. మిల్లు గిన్నింగులో గంటకు బస్తాలు వెళ్ళిపోతాయి, ఇక్కడ పూటంతా కూర్చుంటే ఒడిలో పట్టేంత దూది. పొట్టి పింజ దేశవాళీ పత్తిని మిల్లు యంత్రం నూరో నంబరు నూలుగా, అంటే అంత సన్నగా, తీయలేదు. చేయి తీయగలగడానికి కారణం, ఈ దువ్వడంలో పొట్టి పోగు అంతా ముందే పోవడం, ఉన్న పోగు వంగకుండా విరగకుండా రావడం.

దూదిని చిన్న విల్లుతో ఏకి పొంగిస్తారు. నారి దెబ్బ దూది అంచున తగలాలి, మధ్యలో కొడితే నారికి చుట్టుకుంటుంది. పొంగిన దూదిని పుల్ల మీద చుట్టి, పుల్ల లాగేస్తే ఏకు వస్తుంది. ఆ ఏకును ఎండిన అరటిదొప్పలో పెట్టుకుని వడుకుతారు. ఈ దొప్ప బయటివాళ్ళకు అలంకారంలా కనిపిస్తుంది. దానికి గట్టి కారణం ఉంది. చేతి చెమట తగిలితే ఏకు అణిగిపోతుంది, అణిగిన ఏకులోంచి పోగు సమంగా జారదు. దొప్ప లోపలి వైపు నున్నగా ఉంటుంది కాబట్టి ఏకు నలగకుండా జారుతుంది.

ఇక రాట్నం. పెద్ద చక్రం, దానికి 24 ఆకులు (చక్రం కమ్మీలు), ఒకే కదురు. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది, ఎడమచెయ్యి ఏకును వెనక్కి లాగుతుంది. వినడానికి ఇంతే. అసలు విద్య ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉంది. పురి, అంటే నూలులో పడే మెలిక, ఎప్పుడూ సన్నగా ఉన్న చోటికే ముందు పరుగెడుతుంది. లావుగా ఉన్నచోటు పురి తక్కువై మెత్తగా ఉండిపోతుంది, కాబట్టి అక్కడ ఇంకొంచెం లాగితే సాగి సన్నబడుతుంది. ఎక్కువ లాగితే విడిపోతుంది. ఎంత లాగాలో కంటికి అందదు, వేలికి అందుతుంది. ఓ చెయ్యి చాచినంత పోగు తీశాక చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి, కదురు మొన దగ్గర చుట్లు వదిలించి, అప్పుడు నూలును కదురుకు చుట్టాలి. ఆ వెనక్కి తిప్పడం మరిచిపోతే కొత్తగా నేర్చుకునే పిల్లకు మొదటి రోజంతా తెగుడే.

తెగుడుకు ఇంకా కారణాలు చాలా ఉన్నాయి. కదురు వెంట్రుకవాసి వంగినా తిరిగేటప్పుడు కొట్టుకుని నూలు తెంపుతుంది. రాట్నం తాడు వదులైతే చక్రం తిరుగుతుంది గానీ కదురు జారుతుంది, పురి చాలదు. మరీ బిగిస్తే చేయి నొప్పి, తాడు అరుగుడు. ఎండాకాలం మధ్యాహ్నం పొడిగాలికి పోగు పెళుసెక్కుతుంది, అందుకే వేసవిలో తెల్లవారుజామున వడికి, పదింటికల్లా రాట్నం పక్కన పెట్టేసే ఇళ్ళు ఉంటాయి. వానల్లో ఏకు చెమ్మ పట్టి జారదు. ఫ్యాను వేసుకుంటే ఏకు ఎగిరిపోతుంది. జూన్ నెల శ్రీకాకుళం ఉక్కలో ఫ్యాను ఆపుకుని కూర్చోవడం అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. 'సహనశీలి' అన్న మాట కన్నా ఈ ఒక్క వివరం ఎక్కువ చెబుతుంది కదా.

ఇప్పుడు లెక్క. ఇంట్లో ఆమె వడికిన చిలప (నూలు చుట్ట) ఒక్కటైనా మిగిలి ఉంటే, అది 1000 మీటర్ల చిలప అయితే, బంగారం కొట్లో తాసు మీద తూయించండి. 590ని ఆ గ్రాములతో భాగిస్తే నూలు కౌంటు, అంటే నూలు నంబరు, వస్తుంది; అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. 5.9 గ్రాములు తూగితే అది 100 కౌంటు. 7.4 గ్రాములైతే 80. అంటే ఒక కిలోమీటరు పొడవున్న నూలు, మీ జేబులో ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. ఆ సన్నటి నూలుకు అంగుళానికి సుమారు 40 మెలికలు పడాలి. ఒక్క చిలపలో దాదాపు 15 లక్షల 70 వేల మెలికలు. ఐదున్నర మీటర్ల పొడవు, మీటరు ఇరవై వెడల్పు ఉన్న చీరలో సెంటీమీటరుకు 30 పోగుల చొప్పున పడుగు (నిలువు పోగులు), అంతే పేక (అడ్డ పోగులు) వేస్తే, మొత్తం 39,600 మీటర్ల నూలు. 40 చిలపలు. రోజుకు రెండు చిలపలు తీయగల చెయ్యికి 20 రోజుల పని, పత్తి దువ్వి ఏకులు చేసిన రోజులు కాకుండా. ఏడాదికి 300 రోజులు, 30 ఏళ్ళు అనుకుంటే 18,000 కిలోమీటర్లు. ఇవి ఊహకు వేసిన అంకెలు, మీ ఇంట్లో ఆమె లెక్క వేరుగా ఉంటుంది. వేరుగా ఉంటుంది కాబట్టే కూర్చుని వెయ్యాలి. నూలు అప్పగించిన పుస్తకం దొరికితే ఊహతో పని లేదు. అందులో తేదీ, చిలపల సంఖ్య, కూలి మూడూ ఉంటాయి.

కూలి సంగతి తప్పకుండా రాయండి. కళ అనే మాట వాడిన మరుక్షణం డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదనుకునే జబ్బు మనకుంది. వడుకు మీద ఎంత వచ్చిందో, దాంతో ఇంట్లో ఏం జరిగిందో రాయకపోతే, ఆమె ఏదో సరదాకి రాట్నం తిప్పినట్టు మనవలు అనుకుంటారు. వయసు మళ్ళిన వాళ్ళే ఎక్కువగా రాట్నం ముందు మిగిలి, కోడళ్ళు, కూతుళ్ళు వేరే పనికి ఎందుకు వెళ్ళిపోయారో ఆ కూలి అంకెలోనే తెలిసిపోతుంది. అలాగే ఒళ్ళు సంగతి. ఏళ్ళ తరబడి ఒక కాలు మడిచి కూర్చుంటే మోకాలు, ఎత్తి ఎత్తి ఎడమ భుజం, దూది నలుసుకి దగ్గు, కళ్ళు. ఇవి కూడా ఆ నూలు ఖరీదులో భాగమే.

భక్తి విషయానికొస్తే కార్డు 'దైవభక్తి పరాయణురాలు' అని తేల్చేస్తుంది. ఏ భక్తి? రథసప్తమికి అరసవల్లి వెళ్ళి వరసలో నిలబడటమా, కార్తీకంలో శ్రీముఖలింగమా, శనివారం శనివారం భజన మండలిలో తాళాలు పట్టడమా? పత్తి తెలిసిన చెయ్యికి భక్తి కూడా పత్తితోనే ముడిపడి ఉంటుంది. లక్షవత్తుల నోము పట్టినావిడ గురించి ఆలోచించండి. రోజుకు 300 చేసినా లక్షకు 333 రోజులు. వంట, పిల్లలు, వడుకు అయ్యాక మిగిలిన సందులో ఇది. వత్తిలోనూ తెలిసినతనం, తెలియనితనం ఉంటాయి. గట్టిగా మెలిపెడితే నూనె పైకి ఎక్కదు, కొస మాడి దీపం కొండెక్కుతుంది. వదులుగా వదిలేస్తే నూనె తాగేసి పొగ చిమ్ముతుంది. గింజ నలుసు మిగిలితే దీపం చిటపటలాడుతుంది, పక్కన కూర్చున్న అత్తగారు అపశకునం అంటుంది. అది శకునం కాదు, పత్తి సరిగ్గా ఏరకపోవడం. ఈ తేడా తెలిసిన మనిషి పోయిందని రాయడానికి కార్డులో ఒక వాక్యం చాలు.

మరి నలుగురికీ చేసిన మేలు? ఇక్కడ కాగితం ఉంది, చూసేవాళ్ళు లేరు. 2000లో ఆడవాళ్ళ పొదుపు సంఘాల మీద నడిచే ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం 'వెలుగు' ఆరు జిల్లాల్లో మొదలైంది, మా శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఆ ఆరులో ఉన్నాయి. పొదుపు సంఘం అంటే పది నుంచి పదిహేను మంది. ప్రతి సమావేశానికీ తీర్మానాల పుస్తకంలో తేదీ, హాజరు, ఎవరికి ఎంత అప్పు, ఎన్ని వాయిదాలు, చివర సంతకం లేదా వేలిముద్ర. పాత పుస్తకాలు సంఘం లీడరు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటాయి. పది పేజీలు తిరగేస్తే మీ అమ్మమ్మ ఎవరి కూతురి పెళ్ళి అప్పుకు హామీ నిలబడిందో, ఏ నెలలో ఎవరు కట్టలేకపోతే తను సర్దిందో కనిపిస్తుంది. ఊళ్ళో మగవాళ్ళ సేవకు శిలాఫలకం ఉంటుంది. ఆడవాళ్ళ సేవకు ఈ పుస్తకం ఉంది, చెదలు పట్టేలోపు ఫొటోలు తీసుకోండి. అందులో వేరేవాళ్ళ అప్పుల వివరాలు కూడా ఉంటాయి కాబట్టి సంఘాన్ని అడిగి, మీ మనిషికి సంబంధించిన పేజీలే తీసుకోవాలి.

తుపాను వేళ చేసిన పనికి ఆ పుస్తకం కూడా ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టింది. కరెంటు లేని ఆ రోజుల్లో బడి వరండాల్లో, గుడి మండపాల్లో పొయ్యి వెలిగించింది ఎవరు? ఇలాంటివి అడిగేటప్పుడు 'సేవ చేశారా' అని అడిగితే 'ఏముంది బాబూ, అందరం చేశాం' అంటారు. వందమందికి ఎన్ని కిలోల బియ్యం పోశారమ్మా అని అడగండి. పదిహేను కిలోలు పోశామని, కట్టెలు తడిసిపోతే విరిగిన కొబ్బరి మట్టలు కాల్చామని, ఆ పొగకి రెండ్రోజులు కళ్ళు తెరవలేకపోయామని అప్పుడు మాట కదులుతుంది.

అడగడం కూడా ఒక పని, దాన్నీ సరిగ్గా చేయాలి. మొదటి తప్పు ఆలస్యం. పోయాక చుట్టాలు చెప్పేది ఆమె గురించి కాదు, తమకు ఆమెతో ఉన్న చుట్టరికం గురించి. బతికుండగా రికార్డు చెయ్యాలి. రెండో తప్పు 'మీ జీవితం గురించి చెప్పండి మామ్మా' అనడం. అలా అడిగితే నాటకంలో మాటల్లా వస్తాయి. రాట్నం ముందో, వత్తులు చేసే చాప మీదో కూర్చోబెట్టి, చేయి పనిలో ఉండగా అడగండి. పింజ చెమ్మగా ఉందని ముట్టుకోకుండా ఎలా తెలుస్తుంది? నూలు తెగితే అతుకు ఎలా వేస్తావు? నీకు నేర్పినావిడ ఎవరు, ఆవిడ ఏం తిట్టేది? చెయ్యి కదులుతుంటే మాట దానంతటదే వస్తుంది.

ఫోను ఆమె నోటికి జానెడు, జానెడున్నర దూరంలో, గుడ్డ మడత మీద పెట్టండి. బల్ల మీద నేరుగా పెడితే రాట్నం అదురు అంతా అందులోకి వస్తుంది. ఏరోప్లేన్ మోడ్ వేయండి, లేదంటే మంచి మాట మధ్యలో లోన్ కావాలా అని ఫోను మోగుతుంది. గంట తీయకండి, ఇరవై నిమిషాలు చాలు, మళ్ళీ ఇంకోరోజు. ఫైలుకి పేరు, తేదీ, ఊరు పెట్టి మూడు చోట్ల దాచండి. వాట్సాప్‌లో పంపింది మాత్రమే మిగిలితే, ఫోను మారినప్పుడు అది కూడా పోతుంది. రాసేటప్పుడు ఆమె మాటను దిద్దొద్దు. 'గుంటడు', 'ఒగ్గేసినాను', 'ఎల్లిపోనాది' అంటే అలాగే ఉంచండి. చదువుకున్న మనవడు దాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చి పంపితే, ఆవిడ గొంతును రెండోసారి దహనం చేసినట్టే.

వస్తువులు. దినాలు అయ్యేలోపు ఇల్లు కడిగి, మంచం తీసేసి, బట్టలు ఇచ్చేస్తారు. ఆ ఊపులో రాట్నం అటక ఎక్కుతుంది. అటక మీద ముందు పాడయ్యేది చక్రం. తాడు బిగువుగా ఉంచి దాచితే ఏడాదికి చక్రం ఒకవైపు లాగి వంకర తిరుగుతుంది, కాబట్టి తాడు విప్పేయాలి. కదురు ఊడదీసి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి కాగితంలో చుట్టాలి. కొబ్బరినూనె రాస్తే జిడ్డు గట్టిపడి దుమ్ము పట్టుకుంటుంది. చేప దవడను పొడిగా, పళ్ళ మీద బరువు పడకుండా రేకు డబ్బాలో దూది మీద పెట్టాలి. ఆమె నూలుతో నేసిన చీర ఉంటే, గంజి పూర్తిగా వదిలేలా ఉతికి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టాలి. గంజి కోసం వెండిపురుగులు, బొద్దింకలు వస్తాయి. ఏడాదికి రెండుసార్లు మడత మార్చాలి, లేకపోతే మడత గీత దగ్గరే చీలుతుంది. ప్రతిదానికీ గుడ్డముక్క మీద పెన్సిల్‌తో పేరు, సంవత్సరం రాసి కట్టండి. పెన్ను సిరా చెమ్మకు పాకుతుంది.

అందరి ఆడవాళ్ళూ చేసిందే కదా, ఈవిడ ప్రత్యేకం ఏముందని పెద్దవాళ్ళు అడ్డం పడతారు. సగం నిజమే. పొందూరులో దవడ పట్టిన చేతులు చాలా ఉన్నాయి, లక్షవత్తులు చేసినవాళ్ళూ ఉన్నారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టింది మొదలు అక్కడ వీణ, వయొలిన్ నేర్చుకున్నవాళ్ళు వేలమంది ఉంటారు, అలాగని ఎవరి పాట వాళ్ళది కాకుండా పోయిందా? ఒకే రాట్నం మీద ఇద్దరు తీసిన నూలు తాసులో పెడితే ఒకటి 5.9, ఇంకోటి 6.3 తూగుతుంది. అప్పగించిన చోట చూసేవాళ్ళు చిలప చూసి ఇది ఎవరి చేయో చెప్పగలరు. కుటుంబం చెప్పలేకపోతుంది, అదీ నా ఫిర్యాదు.

మూడో రోజు కాకపోయినా ఐదో రోజుకైనా కార్డు ప్రెస్సుకి ఇవ్వాలి, కాబట్టి రాసేవాళ్ళకు అదనంగా దొరికేది రెండ్రోజులే. మామూలు కార్డులో పేర్ల పట్టిక పోగా ఐదు వాక్యాలకు చోటు దొరుకుతుంది. మొదటి వాక్యంలో ఆమె పుట్టింటి ఊరు, పుట్టింటి ఇంటిపేరు. రెండోదాంట్లో ఏ పని, ఎన్నేళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకుంది. మూడోది అంకె: కౌంటు, చిలపలు, వత్తులు, సంఘంలో హాజరైన ఏళ్ళు, ఏది దొరికితే అది. నాలుగోది ఆమె మాట ఒకటి, ఆమె యాసలో. ఐదోది ఇప్పుడు ఆ పని ఇంట్లో ఎవరికి వచ్చు. ఈ ఐదోదాని దగ్గర చాలా ఇళ్ళల్లో కలం ఆగుతుంది. ఆగినా ఖాళీ వదలకుండా 'ఎవరికీ రాదు' అని అచ్చు వేయించండి. ప్రెస్సులో కుర్రాడు ఇది తప్పేమో అని ఫోను చేస్తాడు. తప్పు కాదని చెప్పి, ప్రూఫు మీద సంతకం పెట్టి పంపండి.